పావుగంట ప్రయాణం

"తొమ్మిది నలభైకి ఇక్కడ ఎక్కితే తొమ్మిది యాభై ఐదుకి అక్కడ దిగడం. పావుగంట! ఇంత దానికి నువ్వు చెప్పే కబుర్లేమిటి?" పెద్దావిడ కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి గట్టిగా అడిగింది.

విమానం టికెట్లమ్మే గుమాస్తా కంగారుపడ్డాడు. "పావుగంట కాదమ్మా. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య పంతొమ్మిది వందల కిలోమీటర్లు. రెండుముప్పావు గంటలు గాల్లోనే ఉంటారు. అక్కడి గడియారాలు మనకంటే రెండున్నర గంటలు వెనక. అందుకని..."

"గడియారాల గొడవ నాకెందుకు బాబూ? టికెట్టు మీద ఏముంటే అదే లెక్క."

పక్క కుర్చీలో కూర్చున్న భర్త కళ్లజోడు తుడుచుకుంటూ అందుకున్నాడు. "చెల్లెలి కోసం గంట ప్రయాణం కూడా చెయ్యనని నలుగురిలో ఒట్టేసుకుంది. నాలుగేళ్లయింది. అదీ సంగతి."

"ఒట్టంటే ఒట్టే. గంట చెయ్యనన్నాను. పావుగంట చెయ్యనని అన్నానా?"

గుమాస్తాకు మనసొప్పలేదు. తెలియని మనిషికి సరిగ్గా చెప్పకుండా టికెట్టు అమ్మడం అతనికి చేతకాదు. కాగితం తీసి రెండు గడియారాల బొమ్మలు గీశాడు. "ఇది మనది, ఇది వాళ్లది. మీరిక్కడ ఎక్కేసరికి అక్కడ ఇంకా ఏడూ పదే..."

ఆవిడ ఆ కాగితం మడిచి మళ్లీ అతని చేతిలోనే పెట్టింది. "నీకు అక్కచెల్లెళ్లున్నారా?"

"లేరండీ."

"తెలుస్తూనే ఉంది."

అతను వదల్లేదు. "పోనీ తిరుగు ప్రయాణం చూడండి. పదకొండుకి ఎక్కితే ఇక్కడ దిగేది నాలుగుంపావుకి. పోవడానికి పావుగంటా, రావడానికి ఐదుంపావు గంటలూ ఎలా అవుతుందమ్మా?"

"దాని దగ్గర్నుంచి రావడమంటే నాకెప్పుడూ అంతే పట్టేది."

ఆ మాటతో ఆవిడ గొంతు తగ్గిపోయింది. "పంతొమ్మిది వందల కిలోమీటర్లా... చిన్నప్పుడు మా ఇద్దరి మంచాలకీ మధ్య ఒక్క గోడే. నేను రెండుసార్లు తడితే అవతల నుంచి అది మూడుసార్లు తట్టేది. అది తట్టందే నాకు నిద్రపట్టేది కాదు."

గుమాస్తా తను గీసిన బొమ్మల కాగితాన్ని నెమ్మదిగా సొరుగులో పడేశాడు.

"కిటికీ పక్క సీటు ఇవ్వు."

"అలాగేనమ్మా. తిరుగు టికెట్టు ఎప్పటికి వెయ్యమంటారు?"

"అది పొమ్మన్నప్పుడు. ఇప్పుడేం తొందర?"

టికెట్టు చేతికి రాగానే ఆవిడ అందులోని రెండు టైముల కిందా పెన్నుతో గీత గీసింది. "ఒట్టు తప్పావంటుంది, మహా గడుసుది. సాక్ష్యం ఉండాలిగా?" అంటూ దాన్ని సంచిలో భద్రంగా పెట్టుకుని గబగబా బయటికి నడిచింది.

వెనకే లేవబోతున్న పెద్దాయనను గుమాస్తా ఆపాడు. "అయ్యా, మీరైనా నచ్చజెప్పండి. పావుగంటకి విమానం దిగకపోతే పైన హడలిపోతారు పాపం."

పెద్దాయన తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

"హడలిపోదులే బాబూ. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరైంది."