కొయ్యూరు లైను

కేబుల్ మళ్ళీ తెగింది.

ఇది మూడోసారి. చోటు కూడా అదే. నర్సీపట్నం నుంచి కొయ్యూరు వెళ్ళే రోడ్డు పక్కన, రైతు సింహాద్రి జీడితోట ముందు.

సత్యశ్రీ గోతిలోకి దిగి తెగిన కొసలు పట్టుకుని చూసింది. గునపం తగిలి తెగింది కాదు. ఎవరో శుభ్రంగా కోశారు.

దేశంలోని పరిశోధన కేంద్రాలన్నిటినీ హైస్పీడ్ నెట్‌వర్క్‌తో కలిపే పనిలో ఆమె ఇంజినీరు. ఈ లైను చివర, కొండవాలులో, ఒక చిన్న జీడిమామిడి పరిశోధన కేంద్రం ఉంది. లైను కలవగానే అక్కడి తోటలో కెమెరాలు బిగిస్తారు. కొత్త రకం చెట్ల పూత, కాపు ఢిల్లీలోని శాస్త్రవేత్తలు ఎప్పటికప్పుడు చూస్తారు.

ఫోన్ మోగింది. విశాఖ నుంచి పై అధికారి.

"ఇక చాలు. ఆ లైను వదిలేయ్. సామాను వెనక్కి పంపెయ్. వేరే జిల్లాకి ఇచ్చేద్దాం."

"పంపను సార్."

"ఏంటీ?"

"వాడు కోస్తూ ఉంటే నేను కలుపుతూనే ఉంటాను. ఎవరు ముందు అలిసిపోతారో చూద్దాం."

ఆమె ఫోన్ పెట్టేసరికి పరిశోధన కేంద్రం అధికారి జగదీశ్వరరావుగారు స్కూటర్ దిగుతున్నారు. చేతిలో టీ ఫ్లాస్కు. తెగిన ప్రతిసారీ వచ్చి ఓదార్చేది ఆ పెద్దాయనొక్కరే.

"ఎందుకమ్మా నీకీ యాతన? నెలనెలా లెక్కలు నేను పంపుతూనే ఉన్నాను కదా. మా పనేం ఆగలేదు. ఈ ఊళ్ళల్లో ఇంతే."

"మీరు ఊరుకున్నా నేను ఊరుకోను సార్."

టీ తాగేసి ఆమె నేరుగా సింహాద్రి తోటలోకి నడిచింది. మొదట్నుంచీ అడ్డుపడింది అతనొక్కడే. తన తోటలో ఒక్క గునపం పోటు కూడా పడనివ్వనన్నాడు. అందుకే లైను రోడ్డు పక్కకి మారింది.

సింహాద్రి చెట్ల కింద జీడిపిక్కలు ఏరుతున్నాడు.

"కేబుల్ మీరేనా కోసింది?"

అతను లేచి నిలబడ్డాడు. "ఏటమ్మా అన్నావు? నాకొద్దనిపిస్తే నీ మొకం మీదే సెప్తాను. సెప్పాను కూడా. సాటుగా కోసే రకం కాదు నేను."

"కోసేది మీ తోట ముందే కదా?"

"అదే నా కడుపుమంట! ఎవుడో ఎదవపని సేసి, మచ్చ నాకంటిస్తన్నాడు. కలుపుకో నీ తీగ. ఈపాలి ఆడెవుడో నేనే పడతాను."

ఆమె ఆ మాట నమ్మలేదు. అయినా సాయంత్రానికి కేబుల్ కలిపేసింది.

మర్నాడు తెల్లారగానే సింహాద్రి ఫోన్ చేశాడు.

"బేగి రా అమ్మా. దొరికాడు. సెయ్యొదిలితే పారిపోతాడు."

సత్యశ్రీ కేబుల్ అతికే మిషన్ పెట్టె భుజాన వేసుకుని ఆటో దిగింది. గోతి చుట్టూ జనం మూగారు. కేబుల్ తెగే ఉంది. ఆ గుంపు వైపైనా చూడకుండా గోతిలోకి దిగి, పెట్టె తెరిచింది.

"ముందు లైను కలుపుతాను. వాడి సంగతి తర్వాత," అంది గట్టిగా, అందరికీ వినపడేలా.

"కలపకమ్మా," సింహాద్రి గుప్పిట్లో చెయ్యి ఇరుక్కుపోయిన జగదీశ్వరరావుగారు బతిమాలారు, "కెమెరాలు పెడితే, మూడేళ్ళుగా నేను కాపు లెక్కలు పంపుతున్న చెట్లు గాలివానకి ఎప్పుడో పడిపోయాయని తెలిసిపోతుంది."