మూత తీయమని రాయలేదు

“మూత తీయమని ఎక్కడ రాశావో చూపించమ్మా.”

కంప్యూటర్ తెరలో అమ్మాయి తలవంచుకుంది. “రాయలేదు సార్. మర్చిపోయాను.”

“మరి ప్లేటులో బాక్టీరియా పచ్చగా ఎలా మెరుస్తోంది?”

“అదే నాకూ అంతుపట్టడం లేదు సార్.”

మాస్టారు కళ్లజోడు తీసి బల్లమీద పడేశారు. ఆయన చెప్పేది సింథటిక్ బయాలజీ. సూక్ష్మజీవిలో కొత్త జన్యువు చేర్చి, దానికి లేని గుణం తెప్పించే విద్య. ఆయన తన ఇంట్లోంచి చెబుతారు, పిల్లలు వాళ్ల ఇళ్లలోంచి వింటారు. ప్రయోగంలో చేయాల్సిన పనులన్నీ వరుసగా రాసి పంపితే, ఎక్కడో దూరాన ఉన్న ల్యాబులో రోబో చేసిపెడుతుంది. రెండోరోజుకు ఫొటో వస్తుంది. దానికి బుర్ర లేదని, మూత తీయమని రాయకపోతే మూతమీదే పోస్తుందని మొదటి క్లాసులోనే చిలక్కి చెప్పినట్టు చెప్పారు. అయినా ఏటా సగంమంది అక్కడే బోల్తా పడేవారు. ఈసారి మాత్రం ఒక్క ప్రయోగమూ పాడవలేదు. ఇన్నేళ్లకు తన పాఠం పిల్లల బుర్రకెక్కిందని ఆయన తెగ మురిసిపోయారు. ఆ మురిపెం ఇవాళ్టితో సరి.

“మూతమీద పోస్తే లోపల మెరవదు. ఈ ఫొటో ఎవరి దగ్గర తీసుకున్నావు?”

“ల్యాబ్ నుంచి నాకొచ్చిందే సార్. ఒట్టు.”

“ఒట్లు వద్దు. సాయంత్రం ఐదింటికల్లా నేను రిపోర్టు పంపాలి. దొంగఫొటో అని రాస్తే నిన్ను కోర్సులోంచి తీసేస్తారు. రెండేళ్ల చదువు మట్టికొట్టుకుపోతుంది. అందుకే అడుగుతున్నా, నిజం చెప్పు.”

“చెప్పిందే నిజం సార్,” అంటూ ఆ అమ్మాయి ఏడ్చేసింది.

మాస్టారికి కోపంకంటే బాధ ఎక్కువైంది. క్లాసులో నోరు తెరిచి ప్రశ్నలడిగేది ఆ పిల్లొక్కతే. మిగతావాళ్లు ఉన్నారో నిద్రపోయారో కూడా తెలియదు.

ఇక మిగిలింది ల్యాబ్ చూసుకునే ఆవిడను అడగడం. ఆవిడతో మాట్లాడాలంటేనే ఆయనకు తలనొప్పి. టర్ము మొదట్లో రోబో పనిచేస్తుంటే చూపించే ల్యాబ్ కెమెరా పోయిందంది, ఇప్పటికీ దానికి అతీగతీ లేదు. రోజూ ఒంటిగంటకల్లా పని ఆగిపోతుంది. అడిగితే, వేడెక్కింది, చల్లారాలి అంటుంది. మొన్నైతే ఒక్కరోజులో నలభై ప్లేట్లంటే కష్టమని, ఇరవైకి తగ్గించమని బతిమాలింది. “కష్టం రోబోకా, మీకా?” అని ఆయన కసిరితే ఫోన్ పెట్టేసింది.

నాలుగుసార్లు చేస్తే ఫోనెత్తింది.

“ఒక పిల్ల మూత తీయమని రాయలేదు. ఆ పిల్లది పదిహేడో నంబరు ప్లేటు. దానికి ముందే మూత తీసి ఉంచారా?” అని అడిగారాయన.

“లేదు సార్. అన్నిట్లాగే దానికీ మూతుంది.”

“పోనీ, చెప్పకపోయినా రోబో తనంతట తాను మూత తీస్తుందా?”

“అబ్బే, అదెక్కడ తీస్తుంది సార్.”

“అయితే ఆ పిల్ల దొంగఫొటో పెట్టినట్టే. ఇంకా ఆలోచించేదేముంది. కోర్సులోంచి తీసేయమని రాసేస్తున్నాను.”

అవతల ఏవో ప్లేట్లు కింద పెట్టిన చప్పుడైంది.

“రాయకండి సార్,” అంది ఆవిడ మెల్లగా. “ఆ ఫొటో నేను పంపిందే. మెరిసింది ఆ పిల్ల ప్లేటే.”

మాస్టారికి ఒళ్లు మండింది. “మళ్లీ మొదటికొచ్చారు. మూత తీయమని ఆ పిల్ల అసలు రాయనే లేదని ఇందాకట్నుంచి మొత్తుకుంటున్నాను కదండీ. మీకు అర్థమవుతోందా?”

ఆవిడ అలసటగా నిట్టూర్చింది.

“రాయకపోతే మాత్రం, మూత తీయకుండా నేనెలా పోస్తాను సార్?”