హాక్స్‌బీ ఎక్కడుంది?

హెట్టీ పినాక్ తన కొట్టుకి ఎదురుగా ఉన్న గాడ్‌ఫ్రీ కొట్టు తలుపు తోసింది. పైన గంట మోగింది. పదకొండేళ్లలో ఆమె ఆ గడప తొక్కడం అదే మొదలు.

"మహారాణిగారు దారి తప్పారా?" అన్నాడు గాడ్‌ఫ్రీ, చేతిలో టీ కప్పు దించకుండానే.

"మేనకోడలి పెళ్లి. ష్రాప్‌షైర్ పటం ఒకటి ఇద్దామని."

"నీ కొట్టు నిండా అవేగా!"

"మా కొట్లోది మేమే ఇస్తే కానుకెలా అవుతుంది?"

గాడ్‌ఫ్రీ నవ్వలేదు. నవ్వుకునే రోజులు కావవి.

నాలుగొందల ఏళ్ల నాటి ష్రాప్‌షైర్ జిల్లా పటానికి నకళ్లు తీసి, చేత్తో రంగులద్ది, ఫ్రేము కట్టి అమ్మడం ఇద్దరికీ బతుకుతెరువు. గోడకి అందం, పెళ్లికి కానుక. పాత పటం ఎవరి సొత్తూ కాదు. కాని దాని చిరుగులు పూడ్చి, చెరిగిన పేర్లు తిరిగి రాసి, కొత్త అచ్చు తయారు చేయాలంటే రెండేళ్లపాటు కళ్లు పొడుచుకోవాలి. ఆ కష్టాన్ని ఎవరు ఎవరి దగ్గర కొట్టేశారన్నదే తగువు. హెట్టీ కొత్త పటం కిటికీలోకి వచ్చి వారం కాలేదు, ఇంకా ఒక్కటీ అమ్ముడుపోలేదు, అప్పుడే వీధంతా రెండు పక్షాలైపోయింది. నువ్వు దొంగంటే నువ్వు దొంగ. శుక్రవారం రెండు పటాలూ లాయరు బల్ల మీదికి చేరాలి. ఓడినవాళ్ల కొట్టు మూతే.

"ఆ దొంగ ఊరేదో తేలకపోతే మనం మునిగినట్టే," అన్నాడు పొద్దున హెట్టీ మొగుడు డెన్నిస్.

పటాలవాళ్లకి అదొక పాత ఎత్తు. ఎక్కడా లేని ఊరొకటి ఓ మూల రాసి ఊరుకుంటారు. అది పక్కవాడి పటంలో కనబడిందా, దొంగ దొరికినట్టే.

హెట్టీ భూతద్దం తీసి గోడ మీది పటానికి ఆనించింది. ఓరచూపు మాత్రం గాడ్‌ఫ్రీ మీదే ఉంది.

"ఈ వింటర్‌కోట్ ఎక్కడ?"

"ప్లేగు తుడిచిపెట్టేసింది. చర్చి గోడ ఇంకా ఉంది, వెళ్లి చూసుకో."

"ఈ బ్లాక్‌మియర్?"

"వరదకి పోయింది. అప్పటి పాదిరి రాసిన ఉత్తరం నా దగ్గరుంది. చూపించనా?"

అన్నీ కంఠతా పట్టినట్టు టకటకా చెప్పేస్తున్నాడు. హెట్టీకి ఒళ్లు మండింది.

"మరి హాక్స్‌బీ?"

కప్పు సాసర్లో టక్కుమంది. గాడ్‌ఫ్రీ చెవులు ఎర్రబడ్డాయి.

"అదీ... ప్లేగేననుకుంటా."

"మన వైపు ఊరి పేర్లు టన్ అనో లీ అనో కోట్ అనో మియర్ అనో ముగుస్తాయి. ఈ 'బీ' పేర్లు తూర్పు తీరం వాళ్లవి. ష్రాప్‌షైర్ నడిబొడ్డున హాక్స్‌బీ ఏంటి గాడ్‌ఫ్రీ? ఏటిలో కొట్టుకొచ్చిందా?"

"పాత పటం. ఏనాటివాళ్లో ఏం రాశారో నాకేం తెలుసు?"

"తెలీదూ?"

"కొంటావా, కొనవా?" అని కసిరాడు.

"వద్దులే. పిల్లకి టీ సెట్టు ఇస్తా."

హెట్టీ దాదాపు పరుగెత్తుతూ రోడ్డు దాటింది. భయం కాదు, సంతోషం. తగువు మొదలైనప్పటి నుంచీ ఆమెకి కంటి మీద కునుకు లేదు.

"తేలిందా?" అన్నాడు డెన్నిస్ గుమ్మంలోనే.

"తేలింది. మొహం చూడాల్సింది నువ్వు. తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు."

"హమ్మయ్య. ఇక శుక్రవారం రానీ."

హెట్టీ తలుపు గడియ వేసి, బ్లేడు తీసుకుని, తమ కొట్లో ఉన్న పటాలన్నిటి మీద నుంచీ హాక్స్‌బీని ఒక్కొక్కటిగా గీకి చెరిపేసింది.