ఆదివారం చదివే పేరు

“సిస్టర్ ఫెబీ, నోయెల్ గారి విషయం ఏమైనా తెలిసిందా?” పాస్టర్ లెవి గారు మైకులోనే అడిగారు.

ఫెబీ లేచి నిలబడింది. “ప్రార్థనలో పెట్టండి అయ్యగారూ.” ఇంట్లో పాలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా చెప్పి కూర్చుంది.

ఆమె భర్త నోయెల్ వీసా స్టాంపింగ్‌కని హైదరాబాద్ వెళ్ళింది పోయినేడు ఆగస్టులో. పది రోజుల్లో వచ్చేస్తానన్నాడు. కాన్సులేట్ వాళ్ళు చేతిలో ఓ కాగితం పెట్టి, ఇంకా చూడాల్సింది ఉంది, ఆగమన్నారు. ఫెబీది వేరే కంపెనీ, వేరే వీసా. అందుకని ఆమె, కూతురు అబిగేల్ ఇక్కడ అమెరికాలో, ఫ్రిస్కోలోనే ఉండిపోయారు.

ఆ ఆగస్టు నుంచి ఈ అక్టోబరు దాకా, తెలుగు చర్చిలో ప్రతి ఆదివారం ప్రార్థన అంశాల్లో మొదటి పేరు నోయెల్‌దే. మోకాలి ఆపరేషన్లు వచ్చాయి, పోయాయి. నలుగురికి గ్రీన్‌కార్డులొచ్చాయి. ఒకావిడకి కవలలు కూడా పుట్టారు. నోయెల్ పేరు మాత్రం జాబితాలోంచి కదల్లేదు.

ఆరాధన అయ్యాక అందరూ భోజనాల హాల్లో చేరారు. చర్చికి పెద్దదిక్కు లాంటి దీనమ్మ గారు బిరియానీ గిన్నె దగ్గరే ఫెబీని పట్టుకున్నారు.

“నిన్న ఫోన్ చేశాడా?”

“చేశారు ఆంటీ.”

“ఏవంటాడు?”

“అబ్బీ హోంవర్క్ గురించి అడిగారు.”

“తిండీ తిప్పలూ?”

“వండుకుంటున్నారంట.”

“వండుకోవడమేంటి, వాళ్ళమ్మ లేదూ?”

“ఆవిడకి కాళ్ళనొప్పులు.”

“పద్నాలుగు నెలలుగా మగాడు వంట చేసుకుంటున్నాడంటే అది చెరేనమ్మా,” అని తేల్చేసి, దీనమ్మ గారు ఫెబీ ప్లేట్లో ఇంకో లెగ్ పీస్ వేశారు.

ఫెబీకి ఇక్కడ అందరూ అలాగే కొసరి కొసరి వడ్డిస్తారు. రెండేళ్ళ కిందట మొగుడితో విడిపోయిన రేణుకి మాత్రం ఎవరూ వడ్డించరు. ఆమే వేసుకుని, చివరి బల్ల దగ్గర కూర్చుని తింటుంది. ఆమెనెవరూ ఏమీ అనరు. అదే ఇబ్బంది.

“మన అబిగేల్ స్కూల్ ప్రాజెక్టు అచ్చం నోయెల్ గారి కథలాగే ఉందంట,” అన్నారు పాస్టర్ గారు. “రెండు ముక్కలు చెప్పమ్మా.”

అబిగేల్ ఫోన్ చూసుకుంటూ, తనకొచ్చిన తెలుగులో మొదలుపెట్టింది. “ఫోర్ హండ్రెడ్ ఇయర్స్ బ్యాక్, ఇంగ్లండ్ సెయిలర్స్‌ని నార్త్ ఆఫ్రికా షిప్స్ పట్టుకునేది. అల్జీర్స్ తీసుకెళ్ళి అమ్మేది. ఇంగ్లండ్ చర్చెస్‌లో వాళ్ళ కోసం ప్రే చేసి, విడిపించడానికి కానుక పట్టేది.”

“ఆ సాయిబులు అంత దుర్మార్గులా?” అన్నారు దీనమ్మ గారు.

“నో ఆంటీ. ఇంగ్లిష్ వాళ్ళు కూడా నార్త్ ఆఫ్రికా మనుషుల్ని పట్టి అమ్మింది. మళ్ళీ ఇద్దరూ బిజినెస్ చేసింది. క్వీన్ అయితే మొరాకో సుల్తాన్‌కి లెటర్స్ కూడా రాసింది.”

“మన సంఘంలాగే అన్నమాట,” అన్నాడు వెనక నుంచి ఒకాయన. కమిటీ వాళ్ళు తప్ప అందరూ నవ్వారు.

“కొంతమంది అక్కడ ముస్లింగా మారిపోయేది. తర్వాత ఇంటికొచ్చి, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ చర్చిలో కూర్చునేది. తెలిస్తే వైట్ షీట్ కప్పి చర్చి డోర్ దగ్గర నిలబెట్టేది.”

ఫెబీ ఎముకని ప్లేటు అంచుకి జరిపింది.

“మరి వాళ్ళ భార్యలు?” అడిగారు దీనమ్మ గారు.

“పిటిషన్స్ ఇచ్చింది ఆంటీ. కింగ్‌కి, పార్లమెంట్‌కి. వాళ్ళు చాలామంది.”

దీనమ్మ గారు ప్లేటు కింద పెట్టేశారు. “విన్నారా? ఆ కాలపు ఆడవాళ్ళు రాజు దాకా వెళ్ళారు. మనం ఇన్ని డిగ్రీలు పెట్టుకుని మన ఏరియా కాంగ్రెస్‌మన్ ఆఫీసు దాకా వెళ్ళలేమా?”

పావుగంటలో ఎవరో లాప్‌టాప్ తెరిచారు. ఇంకెవరో ప్రింటర్ కనిపెట్టారు. మా సహోదరుణ్ణి కుటుంబంతో కలపండి అని అర్జీ తయారైంది.

“కేసు నంబరు కావాలంట, ఫెబీ.”

“ఎవరికీ ఇవ్వొద్దన్నారు ఆంటీ లాయర్.”

“మేం పరాయివాళ్ళమా?”

హాలంతా ఆమె వైపు చూసింది. బిరియానీ గరిటె చప్పుడు కూడా ఆగింది. ఇప్పుడు కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. ఫెబీ నంబరు చెప్పింది. ఫోన్ చూడకుండా, ఒక్క అంకె తప్పకుండా. తర్వాత మొదటి సంతకం పెట్టింది. తన చెయ్యి కదులుతుంటే పక్కవాళ్ళ చెయ్యిని చూసినట్టు చూసింది.

మొత్తం అరవై మూడు సంతకాలు. అబిగేల్ కూడా పెట్టింది. కింద తేదీ వేసింది.

“రేపే పంపిస్తాం. రెండు వారాల్లో ఏ సంగతో తెలిసిపోతుందంట,” అంటూ దీనమ్మ గారు ఫెబీని కావలించుకుని ఏడ్చారు. ఫెబీ ఆమె వీపు నిమిరింది. భుజం మీద తడి తగిలింది. ఈ చీర డ్రైక్లీనింగ్‌కి వేయాలి అని మాత్రం తోచింది.

కారెక్కాక అబిగేల్ ఫోన్ పక్కన పెట్టేసింది.

“మమ్మీ, వాళ్ళు నిజంగా చెక్ చేస్తే?”

“సీట్‌బెల్ట్ పెట్టుకో.”

వారం విడిచి వారం చేస్తున్నట్టే ఆ ఆదివారం కూడా ఫెబీ ఇంటి వైపు కాక పక్క ఊరు ఇర్వింగ్ వైపు తిరిగి, ఈ ఫిబ్రవరిలో వీసా వచ్చి అమెరికాలో దిగిన రోజు నుంచీ నోయెల్ విడిగా ఉంటున్న అపార్ట్‌మెంట్ ముందు కూతుర్ని దింపింది.