ఒంటికొమ్ము

ఒకప్పుడు ప్రేమికుల రోజున గులాబీలు ఇచ్చుకునేవారట. ఇప్పుడు ఆ ఒక్క రోజు, పోయిన భర్తలూ భార్యలూ ఇంటి గోడల్లోంచి మాట్లాడతారు. బతికుండగా వాళ్లు ఫోన్లలో అన్న మాటలన్నీ విని యంత్రం ఆ గొంతు పట్టేస్తుంది.

తెలుగు టీచరు కుముద పొద్దున్నే లేచి వంటింట్లో కూర్చుంది. భర్త వల్లభరావు పోయాక ఇదే మొదటి ప్రేమికుల రోజు. వాళ్ల శుభలేఖలో ఒక కొమ్ము ఎగిరిపోయి ఆమె పేరు 'కుమద' అని అచ్చయింది. దాన్ని పట్టుకుని ఆయన పెట్టిన ముద్దుపేరు వంటింటి గడప దాటలేదు, ఫోనుకెక్కలేదు. ఆయనలో యంత్రానికి చిక్కనిది అదొక్కటే. అదీ ఇచ్చేస్తే తనకంటూ ఏమీ మిగలదని ఆమె భయం.

"కుముదా, లేచావుటోయ్?" అంది గోడ. అచ్చం ఆయనే.

ఆమె ఒక గ్లాసులో కాఫీ పోసుకుంది.

"అలిగావా? నీ ఫోన్లో మన శుభలేఖ ఫొటో చూశాలే. కొమ్ముల్లేని కుముదా అనేవాణ్ణి కదూ?"

తప్పు వింటే దిద్దకుండా ఉండలేని నోరు ఆమెది.

"కొమ్ముల్లేనిదేమిటండీ? 'కు'కి ఉందిగా. ఒంటికొమ్ము!"

అనేశాక గభాలున నోరు మూసుకుంది.

"ఒంటికొమ్మూ, కాఫీ ఏదోయ్?"

ఆమె రెండో గ్లాసు అందుకుంది.