రెండు మూరల మల్లెలు

“పసిగుడ్డు పాలకేడుస్తాంటే, పెండ్లానికి మల్లెపూలు తెస్తివారా?”

మేడ్చల్ మార్కెట్ నుంచి వచ్చిన కొడుకు అన్వేష్‌ను బుచ్చమ్మ గడపలోనే నిలదీసింది. ఆమె నోరు ఊరికే ఉండదు, ఊరికంతా వినబడుతుంది.

అన్వేష్ పూలపొట్లం భార్య ఆమని చేతికిచ్చి తల దించుకున్నాడు. బుచ్చమ్మ కోడలి వైపు తిరిగింది.

“తుర్కపల్లి కొలువుకు జల్దీ పోవాలెననేనా, డబ్బాపాలు తెప్పిచ్చినవ్? ఇగ సోకులొక్కటే తక్కువ! పెట్టుకో, తలనిండ పెట్టుకో!”

“తలకు గాదత్తమ్మా,” అంది ఆమని. “పాలు ఇంకిపోవాలెనని రొమ్ములకు కట్టుకోమన్నది మా అమ్మ.”

బుచ్చమ్మ చూపు పూలపొట్లం మీద పడింది. తొలిచూలు బిడ్డ పోయినప్పుడు తనకూ తల్లి అవే పూలు కట్టింది.

“బిడ్డ బతికుండంగ పాలెందుకు ఇంకాలె?”

“రొమ్ముల గడ్డ క్యాన్సరన్నరు. రేపటిసంది మందెక్కిస్తరంట. అది పాలల్లకు దిగుతదంట. నీకెట్ల చెప్పాల్నో తెల్వలే అత్తమ్మా.”

ఉయ్యాలలో పాప ఏడుపు అందుకుంది. బుచ్చమ్మ కోడలి చేతిలోని పొట్లం తీసుకుని, పాపను తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది.

“మందు రేపు గదా. ఇయ్యాల కడుపునిండ తాగనియ్యి. పూలు... తర్వాత నేను కడత బిడ్డా.”

ఈసారి ఆమె మాట పక్కగదికి కూడా వినబడలేదు.