జెండా ఎత్తని చుట్టం

"ముందే చెబుతున్నానండీ, గోల్ పడకపోతే నేనీ మైదానానికి వచ్చినట్టు లెక్క కాదు," అన్నాడు క్లైవ్, లైన్స్‌మన్ జెండాను చచ్చిన చేపలా రెండు వేళ్లతో పట్టుకుని.

టెగ్విన్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అదేం లెక్కండీ?"

"నేను మైదానాలు కూడబెడుతుంటాను. శనివారం వస్తే ఓ కొత్త ఊరు, ఓ కొత్త ఫుట్‌బాల్ ఆట. సున్నా సున్నాతో ముగిసిందా, ఆ ఊరు చూడనట్టే. మళ్లీ రావాలి. స్టోక్ నుంచి బస్సులు మారి మారి వచ్చాను. నా గోడు మీకేం తెలుసు!"

కొందరు స్టాంపులు కూడబెడతారు, కొందరు భూములు. వానకి నానిన పచ్చికను, అందులోనూ ఇంటికి పట్టుకుపోయే వీల్లేని పచ్చికను కూడబెట్టే మనిషిని టెగ్విన్ అప్పుడే మొదటిసారి చూశాడు. పశువుల దాణా కొట్టు నడిపేవాడికి గిరాకీ మొహం చూడగానే బరువు తెలిసిపోతుంది. ఈ గిరాకీని దేవుడే పంపించాడు.

పాంట్‌వెన్ జట్టుకి ఆ ఏడు అదే ఆఖరి ఆట. ఓడిపోకుండా ఉంటే చాలు, పై లీగులోకి వెళుతుంది. ఊరంతా కోరుకునేది అదే, క్లబ్బు అధ్యక్షుడు టెగ్విన్ తప్ప. ఆగస్టులో, జట్టు వరసపెట్టి ఓడుతున్న రోజుల్లో, ఆయన పబ్బులో బల్లెక్కి, "మనం పై లీగుకి వెళ్లిన నాడు, జనం కూర్చుని ఆట చూసేలా కప్పూ కుర్చీలతో స్టాండు నా సొంత డబ్బుతో కట్టిస్తా!" అని అరిచాడు. కొనేవాడు లేని సరుకుకి ఎంత ధర చెబితేనేం అని ఆయన లెక్క. ఆ మర్నాటి నుంచే దరిద్రపు కుర్రాళ్లు గెలవడం మొదలుపెట్టారు.

ఎప్పుడూ జెండా పట్టే హైవెల్, గొర్రె ఈనుతోందని రాలేదు. ఊళ్లో ఇంకెవరికిచ్చినా పాంట్‌వెన్‌ని కాపాడేస్తారు. పోనీ తానే పట్టి జట్టుని ముంచితే, సోమవారం నుంచి కొట్టు ముందు కుక్క కూడా ఆగదు. అదే పొరుగూరివాడైతే? నింద కూడా సరుకే. ఊళ్లో నిలవ ఉంచకూడదు, సాయంత్రం బస్సుకి ఎక్కించి పంపెయ్యాలి.

"మీకు గోల్ కావాలి, అంతేగా సారూ," అని టెగ్విన్ గొంతు తగ్గించాడు. "ఆఫ్‌సైడ్ అనేది చూసేవాడి కంటిని బట్టి ఉంటుంది. మీ కళ్లద్దాల నిండా వాన. కనబడలేదంటే ఎవరు కాదంటారు?"

"ఎవరూ అనరు," అన్నాడు క్లైవ్ నవ్వుతూ.

మొదటి సగం ముగిసేలోపే బేరం ఫలించింది. ఎదుటి జట్టు అబర్‌గ్లాస్ వాడొకడు, డిఫెండర్లందరినీ దాటి గోల్ ముందు బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు. బంతి వచ్చింది, తన్నాడు, వలలో పడింది. అలా ముందే కాసుకుని ఉండటమే ఆఫ్‌సైడ్; జెండా లేస్తే గోల్ చెల్లదు. అందరూ జెండా వైపు చూశారు. జెండా వేలాడుతూనే ఉంది. రిఫరీ గోల్ ఇచ్చేశాడు.

"ఒరేయ్ గుడ్డోడా! వీడి చేతికి జెండా ఎవడిచ్చాడ్రా?" గట్టు మీద అరుపులు. అందరికంటే గట్టిగా అరిచినవాడు టెగ్విన్.

విరామంలో ఆయనే క్లైవ్‌ని టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. "ఎలునెడ్, సారుకి టీ ఇవ్వు. పెనం మీది వేడి కేకులు కూడా. డబ్బులొద్దు."

ఎలునెడ్ చేతిలో గరిట ఆగిపోయింది. "డబ్బులొద్దా? నీ నోటనే! ఒంట్లో బాగానే ఉందా?"

"అతిథి గదమ్మా."

"అతిథా! చూడు నాయనా," అంది ఆమె క్లైవ్ వైపు తిరిగి, "నువ్వు ముంచింది ఎవర్నో తెలుసా? మేం పై లీగుకెళితే ఈ మహానుభావుడు స్టాండు కట్టిస్తానన్నాడు. ఊరంతా సాక్ష్యం. ఈ తడిగట్టు మీద నిలబడి నా మోకాళ్లు పోయాయి. చక్కగా కప్పు కింద కూర్చుందామనుకుంటే, వచ్చావు దేవుడల్లే!"

టెగ్విన్ దుఃఖాన్ని మొహానికి పులుముకున్నాడు. ఖర్చులేని పనులు ఆయనకి బాగా వచ్చు.

"కొత్త స్టాండా?" అన్నాడు క్లైవ్ కేకు నమలడం ఆపి.

"పాతదుంటే కదా!"

రెండో సగంలో జట్లు అటూ ఇటూ మారాయి. ఇప్పుడు పాంట్‌వెన్ కుర్రాళ్లు క్లైవ్ ఉన్న వైపుకి దాడి చేయాలి. చేశారు. ఒక బంతి వాగులో పడింది, ఒకటి ఎవరి కారు మీదో పడింది. టెగ్విన్‌కి ప్రాణం కుదుటపడింది. గట్టు మీద జనం అప్పుడే ఇళ్లకి బయలుదేరుతున్నారు.

ఆఖరి క్షణంలో, అబర్‌గ్లాస్ గోల్ ముందు పాంట్‌వెన్ కుర్రాడు మైరిగ్ ఒక్కడే మిగిలాడు. దాడి చేసినవాళ్లంతా వెనక్కి వెళ్లిపోయారు. వాడు మాత్రం తీరిగ్గా వంగి బూటు తాడు కట్టుకుంటున్నాడు. ఎవరో ఆవేశంగా తన్నిన బంతి వచ్చి వాడి పిరుదుకి తగిలి వలలోకి దొర్లింది. అబర్‌గ్లాస్ వాళ్లంతా చేతులెత్తారు. మైరిగ్ కూడా సిగ్గుపడుతూ జెండా వైపు చూశాడు.

"ఎత్తు నాయనా, ఎత్తు!" టెగ్విన్ లోలోపల మొక్కుకున్నాడు.

జెండా లేవలేదు. రిఫరీ గోల్ ఇచ్చాడు, ఆ వెంటనే ఆట ముగించాడు. ఒకటి ఒకటి. ఊరంతా వచ్చి టెగ్విన్‌ని భుజాల మీదికి ఎత్తుకుంది. "స్టాండు! స్టాండు!" అని ఎలునెడ్ గరిటెత్తి అరుస్తోంది.

ఎలాగో కిందికి దూకి, టెగ్విన్ బస్‌స్టాపు దారిలో క్లైవ్‌ని పట్టుకున్నాడు.

"నీకు కావలసిన గోల్ ముందే పడింది కదయ్యా! మరి దీన్నెందుకు వదిలేశావు? వాడు బూటు తాడు కట్టుకుంటున్నాడు, అది కూడా కనబడలేదా?"

"ఎందుకు కనబడదండీ," అంటూ క్లైవ్ జెండా మడిచి, రెండు చేతులతో ఆయనకి అందించాడు. "స్టాండు లేవగానే ఓ కబురు పెట్టండి. కొత్త స్టాండు కడితే మా లెక్కలో అది కొత్త మైదానమే."